లోపలికి జరగండి

ఇది మూడేళ్ళ కిందటే రాయాలనుకున్నాను. రాయలేకపోయానంటే అక్షరాలు రాకనే అని అందరూ అనుకుంటారు. అరవయ్యో ఏడు వచ్చేదాకా నాకు అక్షరాలు రావన్న మాట నిజమే. కానీ మూడేళ్ళ కిందటికి కొంచెం కొంచెం వచ్చేశాయి. చిక్కంతా ఆవిడతోనే. ఆవిడ ఒకచోట ఉండేది కాదు. నేనొక వాక్యం కూడబలుక్కుని కాగితం మీద పెట్టేలోగా ఆవిడ హాలు రెండు చుట్లు తిరిగి, కిటికీలు మూసి, మళ్ళీ తెరిచి, కెటిల్ ఆన్ చేసి, నా భుజం మీద తట్టి వెళ్ళిపోయేది. కదిలే బస్సు నంబరు చదవడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఇదీ అలాగే అయింది.

ఇప్పుడు ఆవిడ కదలదు. రెండు వారాలుగా కాలు నిలవనిది నాకు.

ఆ రోజు ఫోను మా అబ్బాయి తీశాడు. రెండు మాటలు విని, ఫోను అరచేత్తో మూసి, "అమ్మా, మీ కండక్టరమ్మ పోయారట" అన్నాడు. నేను పొయ్యి తుడుస్తున్నాను. తుడిచిన పొయ్యినే మళ్ళీ తుడిచాను. తర్వాత పెరటి మెట్ల మీదకి వెళ్ళి, కుండీల్లో బంతి మొక్కలకి నీళ్ళు పోశాను. అప్పటికే వాన పడుతోందని కోడలు వచ్చి చెబితే తెలిసింది.

ఆవిడకో పేరుంది. రాయను. మా ఇంట్లో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు, కండక్టరమ్మ అనే అనేవాళ్ళం. మాంచెస్టర్ బస్సుల్లో చాలా ఏళ్ళు టిక్కెట్లు కొట్టిన మనిషి. బస్సుల్లో కండక్టర్లను తీసేసి చాలా కాలమైంది, ఆవిడలోంచి మాత్రం బస్సు పోలేదు. కాళ్ళు ఎడంగా పెట్టి, కింద నేల ఊగుతున్నట్టు నిలబడేది. హాల్లో నడిచేటప్పుడు ఒక్కో కుర్చీ వీపూ పట్టుకుంటూ నడిచేది. పొట్టి మనిషి. నీలం కోటు. కోటు జేబులో తాళాల గుత్తి. ఆ గుత్తి మోతను బట్టి ఆవిడ ఏ మూల ఉందో చెప్పొచ్చు.

ఆ హాలు చాపెల్ అనే చిన్న చర్చి వెనక ఉంది. ఎర్ర ఇటుకల పాత కట్టడం, చిన్నది. అక్కడికి ఏ మతం వాళ్ళయినా రావచ్చు, ఏ మతమూ పట్టని వాళ్ళూ రావచ్చు. ఆదివారం కూర్చున్న పాతిక మందిలో ఒకాయన దేవుడున్నాడంటాడు, పక్కాయన లేడంటాడు, ఇద్దరూ ఒకే పుస్తకం పట్టుకుని పాడతారు. శనివారాలు ఆ హాలు మా తెలుగు క్లాసుకి ఇచ్చేవాళ్ళు. కంప్యూటర్ ఉద్యోగాల వాళ్ళ పిల్లలు వస్తారు. మన మాట వాళ్ళకి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తారు. మా మనవరాలిని నేను తీసుకువెళ్ళేదాన్ని. మా ఆయన పోయాక అబ్బాయి నన్నిక్కడికి తెచ్చుకున్నాడు, నాకు ఈ ఊళ్ళో ఉన్న పని అదొక్కటే.

తలుపు తీసేది కండక్టరమ్మ. పిల్లలు గుమ్మంలో గుంపుగా ఆగిపోతారు కదా, వెనక వాళ్ళు వానలో ఉండిపోతారు. ఆవిడ చెయ్యి ఊపుతూ, "మూవ్ డౌన్ ఇన్‌సైడ్, ప్లీజ్! ఇంకా చోటుంది!" అని కేక వేసేది. ఆ కేకకి నేను ఉలిక్కిపడ్డాను. మాట ఇంగ్లీషుది, గొంతు మాత్రం ఏలూరు బస్టాండుది. మనవరాలితో చెప్పించాను, మా ఊళ్ళో కండక్టర్లు కూడా ఇదే అంటారని.

"ఏమంటారు?"

"లోపలికి జరగండి."

ఆవిడ దాన్ని నోట్లో వేసుకుని నమిలింది. "లోపాలికీ జారాగాండి." పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ప్రతి శనివారం అదే కేక. ఆ తెలుగుతో ఆవిడ ఒక్క పిల్లవాణ్ణి కూడా వానలో తడవనివ్వలేదు.

నేను తలుపు దగ్గర కుర్చీలో, ఒళ్ళో మనవరాలి కోటు పెట్టుకుని కూర్చునేదాన్ని. టీచరమ్మ బోర్డు మీద అక్షరం రాస్తుంటే నా వేలు ఆ కోటు మీద తిరిగేదట. నాకు తెలియదు. ఆవిడ చూసింది. ఒక శనివారం మాటా పలుకూ లేకుండా వచ్చి, నా కుర్చీ వీపు పట్టుకుని ఈడ్చింది, నేను అందులో కూర్చుని ఉండగానే! కుర్చీ కాళ్ళు కీచుమంటుంటే క్లాసంతా తల తిప్పి చూసింది. తీసుకువెళ్ళి మొదటి వరసలో, ఏడేళ్ళ పిల్లల మధ్య పెట్టేసింది.

"ముందు ఇంత చోటుంటే తలుపు దగ్గర వేలాడతావేం, లవ్?"

ఇక్కడ కూరగాయలమ్మేవాడు కూడా లవ్ అంటాడు, మా వైపు అమ్మా అన్నట్టు. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. టీచరమ్మ పాపం తెలివైనది, నా వైపు చూడకుండా, "అందరూ రాయండి, అ" అంది. నేనూ రాశాను.

ఇది రాస్తూ రాస్తూ లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాను. ఎదురింటి వాళ్ళ చెత్తబుట్ట గాలికి పడిపోయింది తప్ప అక్కడేమీ లేదు.

ఆ చాపెల్‌లో ఏడాదికొకసారి, జూన్‌లో, పువ్వుల ఆదివారం ఉంటుంది. ఎవరికి వాళ్ళు ఒక పువ్వు తెచ్చి పెద్ద కూజాలో పెడతారు. పాటలు, మాటలు అయ్యాక వెళ్ళేటప్పుడు ఎవరూ తమ పువ్వు తాము తీసుకోరు, ఇంకొకరు తెచ్చిన పువ్వు తీసుకుని వెళ్తారు. ఎవరిది ఎవరికి వెళ్ళిందో తెలియదు. మనవరాలూ నేనూ రావాలని ఆవిడ పిలిచింది. నేను పొద్దున్నే స్నానం చేసి, మా కుండీల్లోని బంతిపూలు కోశాను. దేవుడికి కోసినట్టే కోశాను, కాడ లేకుండా, తలకాయ వరకూ తుంచి, పళ్ళెంలో పెట్టుకుని. మనకి వేరే కోత తెలియదు కదా.

అక్కడ చూస్తే అందరి చేతుల్లో మూరెడు మూరెడు కాడలు. కూజా నిలువుగా, నా మోకాలంత ఎత్తుంది. నా బంతిపూలు అందులో వేస్తే అడుక్కి పోతాయి. పళ్ళెం కొంగు కింద దాచుకున్నాను. మనవరాలు, "నానమ్మా, యు కిల్డ్ దెమ్" అంది.

తాళాల మోత దగ్గరికి వచ్చింది. ఆవిడ నా కొంగు పక్కకి జరిపి చూసింది. నవ్వుతుందనుకున్నాను. గిరుక్కున వంటింట్లోకి వెళ్ళి, ఇక్కడి వాళ్ళు పండగలకి మిఠాయి వేసుకునే పెద్ద గాజు బేసిన్ తెచ్చి, నీళ్ళు పోసి, కూజా పక్కన పెట్టింది. నా పళ్ళెం తీసుకుని ఒక్కొక్క పువ్వూ నీళ్ళ మీద వదిలింది. అవి తేలాయి. "మా పువ్వులకి నిలబడటమే వచ్చు, వీటికి ఈత కూడా వచ్చు" అంది అందరికీ వినపడేలా. తర్వాత చూస్తే నా బేసిన్ చుట్టూనే జనం.

తీసుకునే వేళకి నేను వెనక్కి తగ్గాను. ఆవిడ ఊరుకోలేదు. ఆ చాపెల్‌లో కచ్చితంగా ఇలాగే ఉండాలనే నియమాలు ఎక్కడా కనపడవు, ఈ ఒక్కదానికి తప్ప. తెచ్చినవాళ్ళు తీసుకోకుండా వెళ్ళకూడదు. నేను మనవరాలితో చెప్పించాను, మీ తాతయ్య పోయారు, అందుకని నానమ్మ పువ్వు పట్టుకెళ్ళదు అని. పిల్ల చెప్పింది.

ఆవిడ నా మొహంలోకి చూసి, "ఆయనకి పువ్వులంటే అంత కోపమా?" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆయనకేం కోపం! ఉద్యోగం నుంచి వస్తూ మూర మల్లెపూలు జేబులో వేసుకుని, చొక్కా అంతా వాసన పట్టించుకుని వచ్చే మనిషి. ఒక తెల్ల పువ్వు తీసుకున్నాను. చేతిసంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చి, సింకు పక్కన గ్లాసులో పెట్టాను. 

ఆవిడతో ఎప్పుడూ ఇంకొకామె ఉండేది. ఆమె కూడా అంతే పొట్టి, కానీ కూర్చున్న చోట కూర్చునే మనిషి. కుట్టుపని చేసుకుంటూ, మూడు చెంచాల పంచదారతో టీ తాగుతూ ఉండేది. నేను మొదట అక్కచెల్లెళ్ళనుకున్నాను. నలభై ఏళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నారు. బయట అందరికీ ఒకరినొకరు 'ఫ్రెండ్' అని చెప్పుకునేవాళ్ళు. చాపెల్ లోపల మాత్రం బల్ల మీద చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చునేవాళ్ళు. అక్కచెల్లెళ్ళు అంతసేపు చేతులు పట్టుకోరని నాకు అర్థం కావడానికి, పువ్వుల రోజు తర్వాత నేను వెళ్తూ వచ్చిన ఆదివారాలు కొన్ని పట్టాయి. అర్థమయ్యాక నాకేమనిపించిందని మీరు అడగొచ్చు. కండక్టరమ్మ ఆ పక్కన కూర్చున్నంతసేపూ తాళాలు మోగేవి కావు. నాకదే అనిపించింది.

మగవాళ్ళతో జంటకట్టిన మగవాళ్ళు, ఆడవాళ్ళతో జంటకట్టిన ఆడవాళ్ళు, వాళ్ళ వాళ్ళు, అందరూ కలిసి ఏటా ఆగస్టు ఆఖర్న ఊరి మధ్య నుంచి ఊరేగింపుగా వెళ్తారు. ప్రైడ్ అంటారు. చాపెల్ తరఫున కూడా ఒక బట్ట బ్యానరు వెళ్ళేది. కుట్టింది ఆ రెండో ఆమె. రెండు కర్రలు. ఒకటి ఈవిడ పట్టుకునేది, రెండోది ఆమె.

ఆమె ఒక జనవరిలో పోయింది. ఆమె తమ్ముడి కొడుకొకడు వచ్చి అన్నీ చూసుకున్నాడు. దహనం చేసే చోట ముందు వరసలన్నీ కుటుంబానికన్నారు. కండక్టరమ్మని స్నేహితులతో పాటు వెనక కూర్చోమన్నారు. ఆవిడ కూర్చుంది. ఈ సంగతి ఆవిడ నాకు చాలా రోజుల తర్వాత, కప్పులు కడుగుతూ చెప్పింది. చెప్పి, "ఆ రోజు నన్నెవరూ లోపలికి జరగమనలేదు, లవ్" అంది. నాకు ఇంగ్లీషు ఎంత తక్కువైనా ఆ మాటకి మనవరాలి అవసరం పడలేదు.

ఆ ఎండాకాలం బ్యానరు వెళ్తుందా లేదా అన్నదే చాపెల్‌లో అందరి బెంగ. రెండో కర్ర పట్టుకుంటామని చాలామంది ముందుకొచ్చారు. అందరూ తాడిచెట్టంత మనుషులు. హాల్లో పట్టి చూస్తే బ్యానరు ఒక పక్కకి జారిపోయి, మీదున్న అక్షరాలన్నీ ఆవిడ నెత్తిన పడబోతున్నట్టుంది. ఆవిడ దాన్ని చుట్టేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. "ఈ ఏడు వద్దు" అంది. తర్వాత హాల్లో నడుస్తూనే ఉంది, కుర్చీల వీపులు పట్టుకుంటూ.

ఈలోగా మా క్లాసులో వేరే గొడవ. చాపెల్ వాళ్ళు గుమ్మం పైన, ప్రైడ్‌లో పట్టుకునే ఇంద్రధనుస్సు రంగుల జెండా పెట్టారు. క్లాసు వ్యవహారాలు చూసే అబ్బాయి, హైదరాబాద్ వైపు వాడు, మంచివాడే, తల్లిదండ్రులందరినీ కూర్చోబెట్టాడు.

"ఆ ఫ్లాగ్ చూసిన్రు గదా. కిడ్స్ అడుగుతరు. ఏం చెప్పాలె మనం?"

"స్టాక్‌పోర్ట్ వైపు ఒక స్కూలు హాలు ఉందండీ, అక్కడికి మారిపోతే ఏ ప్రాబ్లమూ ఉండదు" అంది ఒకమ్మాయి.

మా అబ్బాయి తల వంచుకుని ఫోను చూసుకుంటున్నాడు.  స్టాక్‌పోర్ట్ అంటే రెండు బస్సులు మారాలి. నేనొక్కదాన్నీ పోలేను, శనివారాలు అబ్బాయికి వీలుకాదు. అంటే నా చదువు అక్కడితో సరి.

తాళాలు మోగాయి. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "మీ భాషలో ఫ్లాగ్‌ని ఫ్లాగనే అంటారా?" అంది. అందరూ బిగుసుకుపోయారు. "కిడ్స్‌ని కిడ్స్, ప్రాబ్లమ్‌ని ప్రాబ్లమ్. నాకు మొత్తం అర్థమైంది." లోపలికి వచ్చింది. "ఏప్రిల్లో మీరిదే గుమ్మానికి ఆకులు కట్టారు. నా ఫ్రెండుంటే అవేమిటని అడిగేది, పండగని చెప్పేదాన్ని. ఆమెకి అది చాలేది. మీ పిల్లలకి చాలదా?"

 మొదట వినపడింది నా గొంతే. "స్టాక్‌పోర్ట్ అయితే నేను రాలేను బాబూ. నాకు వత్తులింకా సగమే వచ్చాయి."

ముందు టీచరమ్మ నవ్వింది. తర్వాత హైదరాబాద్ అబ్బాయి తల గోక్కుంటూ, "ఆంటీ వత్తులైనంక జూద్దాం లే" అన్నాడు. రెండు కుటుంబాలు ఆ తర్వాత రావడం మానేశాయి. క్లాసు అక్కడే ఉంది.

అందరూ వెళ్తుంటే ఆవిడ నన్ను ఆపింది. పక్కన నిలబెట్టుకుంది. అరచేయి తన నెత్తిన బల్లపరుపుగా పెట్టి, అలాగే నా నెత్తి మీదకి జరిపింది. చెయ్యి ఎత్తూ పెరగలేదు, దిగనూ లేదు. ఆవిడ చాలాసేపు ఆ చెయ్యి నా తల మీద నుంచి తియ్యలేదు. అప్పుడు బీరువా తాళం తీసింది.

ఇంట్లో మా అబ్బాయి ఇటూ అటూ తిరిగాడు. "అందులో నువ్వెందుకే అమ్మా? మనవాళ్ళెవరైనా చూస్తే?"

"చూసేవాళ్ళు కూడా అక్కడికి వచ్చిన వాళ్ళేగా."

"అది కాదమ్మా, ఫోటోలు తీస్తారు."

"తియ్యనీరా. నీ పెళ్ళిలో తీసిందే నాకు ఆఖరి ఫోటో."

 కోడలు తన పరుగు బూట్లు తెచ్చి, నా కాళ్ళ దగ్గర పెట్టి, వేళ్ళ దగ్గర వదులుగా ఉందని గుడ్డ కుక్కింది.

ఊరేగింపు రోజు వీధుల్లో జనాన్ని చూసి నాకు కళ్ళు తిరిగాయి. డప్పులు, ఈలలు, మొహాన రంగులు, రెక్కలు కట్టుకున్న మగవాళ్ళు. నేత చీర మీద కోటు, కాళ్ళకి బూట్లు, చేతిలో కర్ర, నేను. బ్యానరు మీద ఏముందో నాకు చదవరాదు, అది ఇంగ్లీషు. మనవరాలిని ముందే అడిగి పెట్టుకున్నాను: అందరూ రావచ్చు అని ఉందట. కండక్టరమ్మ నా వైపు చూడలేదు. బ్యానరు పై అంచునే చూస్తూ నడిచింది. అంచు చాపలా, తిన్నగా ఉంది. కాసేపటికి ఆవిడ చెంపలు తడిసి ఉన్నాయి, వాన ఇంకా మొదలవలేదు.

మా అబ్బాయి పేవ్‌మెంట్ మీద మాతో సమానంగా నడుస్తున్నాడు, గొడుగు పట్టుకుని, మాకేమీ కాని వాడిలా. వాళ్ళ ఆఫీసు వాళ్ళే ఒక గుంపు, ఒకే రంగు చొక్కాలతో మా వెనకే వస్తున్నారు. వాళ్ళ మేనేజరు వీడిని చూసి చెయ్యి ఊపాడు. అప్పుడు చూడాలి వీడి మొహం. వాన పట్టుకుంది. వీడు గొడుగు విప్పి, మా వైపు చూసి, పేవ్‌మెంట్ అంచున కట్టిన కమ్మీ దగ్గరే ఆగిపోయాడు. కండక్టరమ్మ కర్ర వదలకుండా కేక పెట్టింది: "లోపాలికీ జారాగాండి!" వాడు దాటి వచ్చాడు. ఆఖరిదాకా మా ఇద్దరి మధ్యనే, ఇద్దరికీ చాలని గొడుగు పట్టుకుని నడిచాడు.

ఆ డిసెంబరులో చట్టం వచ్చింది, అలాంటి జంటలు ఆఫీసుకి వెళ్ళి రిజిస్టరు చేసుకోవచ్చని. చాపెల్‌లో ఆ ఆదివారం గంట మోగించి కేకు కోశారు. ఆవిడ అందరికీ ముక్కలు పంచింది, అందరి కప్పులూ నింపింది, ఆ రోజంతా ఒక్కసారి కూర్చోలేదు. తర్వాత రెండేళ్ళూ బ్యానరు మేమిద్దరమే మోశాం. ఆ మధ్యలో నాకు వత్తులు వచ్చేశాయి.

పోయిన శుక్రవారం చాపెల్‌లో ఆవిడ ఆఖరి వీడ్కోలు. దండలు వద్దని, తలా ఒక పువ్వు తేవాలని, తీసుకోకుండా వెళ్ళకూడదని చెప్పి పోయిందట. నేను బంతిపూలు కోశాను. ఈసారి కాడతో కొయ్యడం తెలుసు. అయినా కాడ లేకుండానే కోశాను. వెళ్ళి చూస్తే కూజా పక్కన గాజు బేసిన్ ఉంది, అప్పటికే నీళ్ళు పోసి. ఇది కూడా ఆవిడే చెప్పి పోయిందని, చాపెల్‌లో ఆదివారాలు నడిపించే పాస్టరమ్మ అంది. రెండు పువ్వులు నీళ్ళలో కాకుండా కింద పడ్డాయి.

జనం వచ్చారు, కానీ అందరూ వెనక వరసల్లో సర్దుకున్నారు. ముందు వరస కుటుంబానిది. ఆవిడకి కుటుంబమంటూ ఎవరూ లేరు. ఖాళీ బల్ల, దాని ముందు ఆవిడున్న పెట్టె. నేనూ అలవాటు కొద్దీ తలుపు దగ్గర కూర్చున్నాను. కూర్చోలేకపోయాను. లేచాను. బల్లల వీపులు పట్టుకుంటూ నడిచి, వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను. వెనక బల్లలు కిర్రుమన్నాయి. ఒకరూ ఒకరూ లేచి వచ్చి నా పక్కన, నా వెనక కూర్చున్నారు. మా అబ్బాయి కూడా ఉన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు పొడుగు కాడ ఉన్న పసుపుపచ్చ పువ్వొకటి తీసుకున్నాను. పాస్టరమ్మ నా చేతిలో హాలు తాళాలు పెట్టింది. రేపు మీ క్లాసు కదా, ఇంకెవరూ దొరకలేదు అంది.

మర్నాడు పొద్దున్నే లేచి తల దువ్వుకున్నాను. ఆ పువ్వు కాడ వేలెడు ఉంచి తుంచేశాను. ముడిలో పెట్టుకుంటే నిలవలేదు, కోడలి పిన్ను పెట్టాను. మా అబ్బాయి నన్ను చూసి, తింటున్న బ్రెడ్డు ముక్క పళ్ళెంలో పెట్టేసి, "కారు తియ్యనా అమ్మా?" అన్నాడు. మనవరాలూ నేనూ కారు దిగేసరికి వాన. నాలుగు తాళాలు తప్పాక అయిదోది పట్టింది. జెండా కొక్కేనికి నా చెయ్యి అందలేదు, కిటికీ కర్రతో తగిలించాను. పిల్లలు వచ్చి గుమ్మంలో గుంపుగా ఆగిపోయారు. ముందున్న మా మనవరాలు నా తల వెనక్కి చూసి, నోరు తెరిచి, "నానమ్మా, హూ గేవ్ యూ ద ఫ్లవర్?" అంది.

"తెలీదమ్మా. లోపలికి జరుగు, వెనకాల వాళ్ళు తడుస్తున్నారు."